గోడకు మూడడుగుల ఎనిమిదంగుళాలు

మా హాల్లో టైల్స్ మీద ఆరు నల్ల టేపు ముక్కలు అంటించి ఉంటాయి. ఒక్కో స్పీకర్ స్టాండుకు రెండు, సోఫా ముందుకాళ్లకు రెండు. ఇంటికొచ్చినవాళ్లు పిల్లలేదో ఆటకోసం వేసుకున్నారనుకుంటారు. ఆ ఆరు ముక్కలు సరైన చోట పడటానికి నాకు దసరా నుంచి సంక్రాంతి దాకా పట్టింది. స్పీకర్లు కొనడానికి మాత్రం హైదరాబాద్‌లో ఒక్క పూట సరిపోయింది.

నేను మాట్లాడదలచుకున్నది ఆ తేడా గురించే. ఖరీదైన స్పీకర్లు కొన్నవాళ్లలో చాలామంది వాటిని ఒక్కరోజు కూడా సరిగ్గా వినకుండానే అమ్మేసి వేరేవి కొంటున్నారని నా గట్టి నమ్మకం. వాళ్లు విన్నది స్పీకరును కాదు, దాని వెనకున్న గోడను. నేనూ అదే పని చేయబోయి ఆగాను కాబట్టి చెప్తున్నాను.

షోరూంలో ఆ జత విన్నప్పుడు పాడే మనిషి నా ఎదురుగా రెండు గజాల దూరంలో నిలబడ్డట్టు అనిపించింది. పెదవి తడి కూడా తెలిసింది. రెండున్నర లక్షలు పెట్టి తెచ్చుకున్నాను. నల్గొండలో, పానగల్లు వైపు మేం కట్టుకున్న ఇంట్లో, టీవీ యూనిట్‌కు అటొకటి ఇటొకటి గోడకు దగ్గరగా పెట్టి అదే పాట వేశాను. గొంతు మందంగా, జలుబు చేసినట్టు వచ్చింది. డోలు దెబ్బ గుమ్మని లేచి, తర్వాతి దెబ్బ మీద పడిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మోసపోయానేమో అని ఒకటే టెన్షన్.

అమ్మిన షాపు ఆయనకు ఫోన్ చేస్తే కేబుల్ మార్చమన్నాడు. నలభై వేలది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. కాగితం తీసి లెక్క వేశాను. ఇంటి వైరింగుకు వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ మూడు మీటర్లు, పోను రాను కలిపి ఆరు మీటర్లు. దాని నిరోధం ఓమ్‌లో నాలుగు వందో వంతులు. స్పీకరుది ఎనిమిది ఓమ్‌లు. అంటే అర శాతం. గొంతుకు జలుబు చేయించేది ఈ అర శాతం కాదు. కేబుల్ సంగతి అక్కడితో అయిపోయింది, ఇక్కడా అయిపోయినట్టే.

అప్పుడు గుర్తొచ్చింది మా నాయిన రేడియో.

మాది పుట్టపాక. తేలియా రుమాళ్లు నేసే ఊరు, 2020లో వాటికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా పాత ఇల్లు మట్టిమిద్దె. మందపాటి గోడలు, పైన దూలాలు, దంతెలు. నడిమి అర్రలో గుంట మగ్గం. రేడియో మొదట్లో గోడ గూట్లో ఉండేది. నాయినకు అది నచ్చలేదు. "కాగుల తలకాయ పెట్టి మాట్లాడినట్టుంది" అని ఒకరోజు దాన్ని తీసి, అర్ర మధ్యలో ముక్కాలిపీట మీద పెట్టాడు. వార్తలు చదివే ఆయన గొంతు ఒక్కసారిగా విడిపోయి, మగ్గం చప్పుడులో కూడా మాట మాట తెలిసింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఏం మారిందో నాకు అర్థం కాలేదు, నాయినకూ కారణం తెలియదు. కానీ గోడ మాట్లాడుతోందని ఆయన చెవికి తెలిసింది.

కారణం ఇది. ఎక్కువ కీచు శబ్దాలు టార్చిలైటు వెలుగులాగా ముందుకే పోతాయి. లోతు శబ్దాలు అలా పోవు, దీపం వెలుగులా అన్ని వైపులకూ పరుచుకుంటాయి. వెనక్కి పోయింది గోడను తాకి తిరిగొచ్చి ముందుకు పోయేదానితో కలుస్తుంది. బాగా లోతు స్వరాల దగ్గర రెండూ ఒకే అడుగు వేస్తాయి కాబట్టి బలం పెరుగుతుంది, ఒక్కో గోడకు 6 డెసిబెల్స్ దాకా. మూలన పెడితే నేల, రెండు గోడలు కలిసి ఇంకా ఊదరగొడతాయి. అదే గుమ్మనే మోత. కాస్త పైన ఒక స్వరం దగ్గర మాత్రం, వెళ్లి తిరిగొచ్చిన అల సరిగ్గా ఎదురడుగు వేసి అసలు శబ్దాన్నే కొట్టేస్తుంది. ఆ స్వరం ఏదో కనుక్కోవడం తేలిక. ధ్వని వేగాన్ని గోడ దూరానికి నాలుగు రెట్లతో భాగించాలి. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో రెసొనెన్స్ ట్యూబులో నీళ్లు దించుతూ, ట్యూనింగ్ ఫోర్కు మోగించి పావు తరంగం కొలుస్తాం చూడండి, అదే పావు. ఇరవై ఏళ్లుగా పిల్లలతో చేయిస్తున్న ప్రాక్టికల్ మా హాల్లో జరుగుతోందని తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

గోడకు పది అంగుళాల దూరంలో పెట్టిన నా స్పీకరు ముందు ముఖం గోడ నుంచి 22 అంగుళాలు. లెక్క కడితే 153 హెర్ట్జ్ దగ్గర గుంత. మగవాళ్ల గొంతు పునాది ఉండేదే దాదాపు 85 నుంచి 180 మధ్య. అంటే పాడేవాడి ఛాతీ నుంచి ఒక ముక్క కోసేసి, దాని కింద మోత పెంచి నాకు వడ్డిస్తోంది ఆ గోడ. ఇలా స్పీకరుకు ఇంటి గోడలు చేసే పని మీద 1974లోనే అమెరికన్ ఇంజనీరు రాయ్ ఆలిసన్ కొలిచి రాశాడు. యాభై ఏళ్లు దాటింది. అయినా మన ఇంటీరియర్ వాళ్లు ఇప్పటికీ స్పీకరుకు టీవీ యూనిట్‌లోనే అర కట్టిస్తున్నారు. లక్షలు పెట్టి కొన్న స్పీకరును అరలో పెట్టడం, నా దృష్టిలో, దాన్ని కొనకపోవడంతో సమానం.

కాబట్టి ముందుకు జరపడం మొదలుపెట్టాను. మా హాలు పదహారు అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, పదడుగుల ఎత్తు. టైల్స్ రెండడుగులవి కావడం పెద్ద వరం. నేల మొత్తం గ్రాఫ్ పేపరే. అతుకు గీతల మీద స్టాండు అంచు పెట్టి, అంగుళం అంగుళం జరుపుతూ, ప్రతిసారీ వెనక్కొచ్చి కూర్చుని అదే రెండు నిమిషాల పాట వినడం. ఇది ఒంటరిగా చేసే పని కాదు. ఒకరు జరపాలి, ఒకరు వినాలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. జరిపే పని తను తీసుకుంది. రెండో వారానికి నాకంటే ముందు తనే "ఇప్పుడు నోరు చిన్నగైంది నాన్నా" అని చెప్పేది. నోరు చిన్నగవడం అంటే పాడేవాళ్ల నోరు రెండు స్పీకర్ల మధ్య గోడంత వెడల్పుగా కాకుండా ఒకచోట కుదురుకోవడం. ఇంత మంచి మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త చాలా ముఖ్యం. స్పీకరుకు మూడు హద్దులు దగ్గరగా ఉంటాయి: వెనక గోడ, పక్క గోడ, నేల. మూడింటికీ దూరం సమానమైతే మూడు గుంతలూ ఒకేచోట పడి బావి అవుతుంది. మొదట్లో నేను చూడటానికి బాగుందని పక్క గోడకు 29 అంగుళాల్లో పెట్టాను. లోతు శబ్దాలు పలికే వూఫర్ నేలకు 30 అంగుళాల ఎత్తులో ఉంది. రెండు గుంతలూ 115 హెర్ట్జ్ చుట్టుపక్కల పడి డోలు ఎడమచేతి దెబ్బ మాయమైంది. ఇప్పుడు నేలకు 30, పక్క గోడకు 34, వెనక గోడకు 44. గుంతలు 113, 99, 77 దగ్గర విడివిడిగా పడ్డాయి. చిన్న చిన్న గతుకులను చెవి క్షమిస్తుంది, బావిని క్షమించదు. ఆ 44 అంగుళాలే పైన శీర్షికలో ఉన్న మూడడుగుల ఎనిమిదంగుళాలు.

ఆ మధ్య మా అమ్మ ఊరి నుంచి వచ్చి చూసి, "ఏంది బిడ్డా, నడింట్ల పెట్టినవ్? మనుషులు ఎట్ల తిరగాలె?" అంది. కానీ అంతకుముందు ఎడమ స్పీకరు ఈశాన్యం మూలలో ఉన్నందుకు కూడా ఆమెకు బాధే. ఈశాన్యంలో బరువు పెట్టొద్దని రెండుసార్లు చెప్పి ఉంది. మూల ఖాళీ అయ్యేసరికి, "గిప్పుడు మంచిగుంది" అని ఊరుకుంది. వాస్తు సంగతి నేను వాదించను. మూలలోంచి స్పీకరు తీయాలన్న చోట అమ్మా, అకౌస్టిక్స్ ఒక్కటే మాట చెప్పాయి.

స్పీకర్లు కుదిరాక సోఫా. ఇది స్పీకరంత ముఖ్యం, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మనిళ్లలో సోఫా అంటే గోడకు ఆనాల్సిందే. పదహారు అడుగుల గదిలో పొడవునా అటూ ఇటూ కొట్టుకునే అలలు 35 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 70 దగ్గర ఒకటి నిలబడిపోతాయి. వెనక గోడ దగ్గర రెండూ గరిష్ఠంలో ఉంటాయి. అక్కడ కూర్చుంటే ఒగ్గుడోలు ట్రాక్టరు ఇంజనులా వినిపించింది. సరేనని నాలుగడుగులు ముందుకు లాగాను. మోత పోయింది, దాంతో పాటు డోలే పోయింది. ఎందుకంటే నాలుగడుగులు పొడవులో సరిగ్గా పావు వంతు, 70 హెర్ట్జ్ అలకు అక్కడ శూన్యం. కళ్లు మూసుకుని తల ముందుకు వెనక్కి ఒక అడుగు ఊపితే డోలు వచ్చి పోవడం స్పష్టంగా తెలుస్తుంది. మీ ఇంట్లో ఒకసారి చేసి చూడండి, నమ్మకం కుదురుతుంది. ఇప్పుడు నా చెవులు వెనక గోడకు 73 అంగుళాల్లో ఉన్నాయి, పొడవులో 38 శాతం. డోలు దెబ్బ వస్తుంది, ఆగుతుంది, తర్వాతి దెబ్బకు చోటిస్తుంది.

ఈ నాలుగడుగుల దశలో ఉన్నప్పుడే నా మిత్రుడొకడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ మనిషి. "ఇంత కష్టం ఎందుకన్నా, డీఎస్‌పీ పెట్టుకో, గది దోషాలన్నీ అదే సరిచేస్తది" అన్నాడు. డీఎస్‌పీ అంటే శబ్దం స్పీకరుకు చేరకముందే ఏ స్వరాన్ని ఎంత పెంచాలో తగ్గించాలో లెక్కగట్టి సవరించే డబ్బా. నిజానికి కొలిచే విద్య నేర్పింది అతనే. యూమిక్-1 మైకు, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెచ్చి, నా చెవి చెప్పింది గ్రాఫులో చూపించాడు. 70 దగ్గర 15 డెసిబెల్స్ గుంత. అందుకు నేనెప్పటికీ రుణపడి ఉంటాను. కానీ గుంత పూడ్చడం దగ్గర మాత్రం అతనితో ఒప్పుకోలేదు. 15 డెసిబెల్స్ పెంచాలంటే ఆంప్లిఫయరు ముప్పై రెట్ల పవర్ ఇవ్వాలి. 60 వాట్లది 1,800 వాట్లు ఎక్కడ తెస్తుంది? తెచ్చినా, అసలు శబ్దం ఎంత పెరిగితే ఎదురొచ్చి కొట్టేసేదీ అంతే పెరుగుతుంది. శూన్యం శూన్యంగానే ఉంటుంది, వూఫరు మాత్రం ఊగి ఊగి అలిసిపోతుంది. మేం కలిసి ప్రయత్నించాం కూడా. సోఫాను రెండడుగులు జరిపితే వచ్చింది ఆ డబ్బా పెట్టి ఎంత పెంచినా రాలేదు.

మా ఊళ్లో చిటికి కట్టేవాళ్లను, అంటే రంగు అంటకూడని చోట నూలుకు ముడులు వేసేవాళ్లను, చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. రంగులో ముంచక ముందే నూలును కొలతకు కట్టుకోవాలి. ఒక్క ముడి జరిగిందంటే, మగ్గం మీద పేకను ఎంత సర్దినా పువ్వు అంచు కలవదు. కలిసినట్టు సర్దగలిగేది వెంట్రుకవాసి మాత్రమే. డీఎస్‌పీ కూడా ఆ వెంట్రుకవాసి సర్దే పనికి మంచిది. మిగిలిన ఒకటి రెండు గుట్టలను కోయడానికి నేనూ దాన్నే వాడుతున్నాను. 47 హెర్ట్జ్ దగ్గర ఉన్న కాస్త ఉబ్బును దానితోనే 4 డెసిబెల్స్ తగ్గించాను. అన్నీ కుదిరాక, చివర. ముందే అది పెట్టుకున్నవాళ్లు స్పీకర్లు ఇక కదపరు, అదీ నా భయం.

గది మోత సంగతి వేరే. గృహప్రవేశానికి ముందు ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే ఆ చప్పుడు పైకప్పు కింద తిరుగుతూ ఉండేది. స్లాబు, సిమెంటు ప్లాస్టరింగు, టైల్స్ శబ్దాన్ని నూటికి రెండు మూడు వంతులకు మించి తాగవు. లెక్క ప్రకారం మా హాల్లో శబ్దం అణగడానికి మూడు సెకన్ల పైనే పడుతుంది. పాట వినడానికి అర సెకను లోపు ఉండాలి. ఈ లెక్క కట్టే సూత్రం వాలెస్ సాబిన్‌ది. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావట్లేదని ఆయనకు అప్పజెప్తే, పక్కనున్న థియేటర్ కుర్చీల మెత్తలు రాత్రిళ్లు మోయించుకొచ్చి, ఎన్ని మెత్తలు వేస్తే ఎంత మోత తగ్గుతుందో కొలిచి, తెల్లారేలోపు తిరిగి పెట్టించేవాడు. ఆ మెత్తల లెక్కే ఈరోజు ప్రపంచమంతా వాడుతోంది.

నల్గొండలో మెత్తలకు కరువా! పత్తి పండే జిల్లా ఇది. నేను చేసింది ఇంతే: నేల మీద వరంగల్ జంపఖానా, కిటికీలకు మడతలు పడేంత వెడల్పున్న మందపు పరదాలు, సోఫా వెనక గోడకు పరుపులు కుట్టే ఆయనతో కుట్టించిన రెండు దూది దిండ్లు, ఒక్కోటి నాలుగడుగులు బై రెండడుగులు, నాలుగంగుళాల మందం. వాటిని చెక్క చట్రంలో బిగించి, గోడకు రెండంగుళాలు ఎడంగా వేలాడదీశాను. పైన మా నాయిన నేసిన బట్టే. ఎండాకాలంలో నెలకోసారి ఎండలో వేస్తాం, పురుగు పట్టకుండా. ఆన్‌లైన్‌లో అమ్మే అంగుళం మందం ఫోము ముక్కలు మాత్రం కొనకండి. కోడిగుడ్ల అట్టలు అసలే వద్దు. సన్నటిది కీచు శబ్దాన్ని మాత్రమే తాగుతుంది. గుమ్మనే మోత అలాగే ఉండి, పైన వెలుగు చచ్చిపోయి, గది గొంతు నొక్కినట్టవుతుంది. 47 హెర్ట్జ్ అలలో పావు భాగమే ఆరడుగులు. దాన్ని అంగుళం ఫోము ఆపుతుందా? లోతు శబ్దాన్ని దారికి తేవడానికి చేతిలో ఉన్న మొదటి ఆయుధం మళ్లీ స్థానమే.

పక్క గోడల మీద నాకింకా పూర్తి తీర్పు లేదు. సోఫాలో కూర్చుని, అమ్మాయి గోడ వెంట అద్దం జరుపుతుంటే స్పీకరు కనిపించిన చోట మొదటి ప్రతిధ్వని పడుతుంది. మా గదిలో అది అసలు శబ్దం తర్వాత మూడున్నర మిల్లీసెకన్లకు చెవికి చేరుతుంది. అంత దగ్గరగా వచ్చేదాన్ని చెవి వేరుగా వినదు, అసలుదానిలోనే కలిపేసుకుంటుంది. దాన్ని పూర్తిగా చంపేయమని చాలామంది చెప్తారు. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఏళ్ల తరబడి వినికిడి పరీక్షలు చేసిన ఫ్లాయిడ్ టూల్, స్పీకరు పక్కలకు పంపే శబ్దం కూడా సాఫీగా ఉంటే ఆ ప్రతిధ్వని మేలే చేయొచ్చంటాడు. నేను అక్కడ దూది పెట్టి విన్నాను, తీసి విన్నాను. దూది ఉంటే పాట స్పీకర్ల మధ్యే ముడుచుకుంది. ఇప్పుడు ఎడమవైపు ఎగుడుదిగుడు పుస్తకాల అలమర ఉంది, అంతే. స్పీకర్లను నా వైపు తిప్పడం కూడా అలాగే చెవికి వదిలేశాను. రెండింటి గీతలు నా తల వెనక ఒక అడుగు దూరంలో కలిసేలా తిప్పినప్పుడు నోరు చిన్నగైంది, అక్కడ ఆపేశాం.

చెవికి వదిలేయడం అన్నాను. ఆ చెవికి ఒక కొలబద్ద ఉండాలి. షోరూముల్లో వేసే విదేశీ డెమో పాటలతో మనకు అది రాదు, ఆ వాయిద్యం ఎదురుగా ఎలా ఉంటుందో మనం విని ఉండం. నేను వాడేది కిన్నెర. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు అందరికీ తెలిసింది. అంతకు చాలా ముందే, మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేసేటప్పుడు, ఒక సాయంత్రం కిన్నెర వాయించే ఒక పెద్దాయన పక్కన మూడడుగుల దూరంలో కూర్చుని విన్నాను. తీగ మీటినప్పుడు ముందు గోరు చప్పుడు, వెంటనే తీగ, ఆ వెనక సొరకాయ బుర్రల్లోంచి ఒక గుండ్రటి గాలి. ఈ మూడూ ఆ వరసలో రావాలి. స్పీకర్లు గోడకు ఉన్నప్పుడు గాలి ముందొచ్చి గోరును మింగేసింది. మీకు డప్పు కావచ్చు, గుడి గంట కావచ్చు, మీ అమ్మ గొంతే కావచ్చు. ఎదురుగా విన్నదాన్ని పెట్టుకోండి.

పోయిన నెల నాయిన వచ్చాడు. వయసు డెబ్బై దాటింది, మగ్గం చప్పుడుకు చెవులు కొంత మందగించాయి. సోఫా మధ్యలో కూర్చోబెట్టి కిన్నెర వేశాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తీగ కాదురా, బుర్ర ఇనబడుతున్నది" అన్నాడు. వెళ్లి రెండు స్పీకర్ల వెనక ఖాళీలో నిలబడి, గోడను అరచేత్తో రెండుసార్లు తట్టి చూసి వచ్చి కూర్చున్నాడు.

ఇంట్లో ఒప్పందం ఒకటి ఉంది. వారమంతా స్పీకర్లు గోడ దగ్గరే, వంటింటి దారికి అడ్డం లేకుండా. శని, ఆదివారం రాత్రులు టేపు గీతల మీద. మా ఆవిడ పెట్టిన షరతు ఇది, న్యాయమైనదే. హాలు ఆమెది కూడా. స్టాండ్ల కింద మందపు ఫెల్టు అంటించాను కాబట్టి జరపడానికి రెండు నిమిషాలు చాలు. వినేది రాత్రి పదిన్నర దాటాకే, రోడ్డు మీద లారీలు పలచబడ్డాక.

ఎండాకాలం ఒక్కటే ఇంకా తేలలేదు. గది 40 డిగ్రీలకు చేరితే ధ్వని వేగం సెకనుకు 343 మీటర్ల నుంచి 355కి పెరిగి, 70 హెర్ట్జ్ అల 73కు జరుగుతుంది. దానికోసం టేపు కదపక్కర్లేదు. అసలు సమస్య ఫ్యాను, కూలరు. ఫ్యాను మూడు మీద తిరిగితే చాలు, ఆ గోరు చప్పుడు కనబడకుండా పోతుంది. కూలరు ప్రతి ఏడాదీ కుడి కిటికీలోకి పోతుంది, కుడి స్పీకరుకు సరిగ్గా పక్కన. ఈసారి దాన్ని వెనక గదిలో బిగించి, తలుపు తీసి ఉంచి, గాలి మాత్రం హాల్లోకి వచ్చేలా చేద్దామని అమ్మాయి అంటోంది. ఆ తలుపు తీస్తే 35 హెర్ట్జ్ మోత కూడా అటు కొంత కారిపోవాలి. వచ్చే ఆదివారం మైకు పెట్టి, తలుపు మూసి ఒకసారి, తీసి ఒకసారి కొలవాలి.